అనిశ్చితికి కొలత: సి.ఆర్.రావు గణాంక మార్గం

కల్యంపూడి రాధాకృష్ణారావు పేరు గణాంకశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ కనీసం రెండుచోట్ల ఎదురవుతుంది: క్రామర్-రావు అసమానతలో, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతంలో. రెండింటికీ మూలం 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో వచ్చిన పదకొండు పేజీల వ్యాసం. అది రాసేనాటికి ఆయనకు పాతికేళ్లు నిండలేదు. తర్వాత డెబ్బై ఏళ్లకు పైగా సాగిన ఆయన పని మానవశాస్త్రం, మనోవిజ్ఞానం, పారిశ్రామిక నాణ్యత, ఉన్నత విద్య మీదుగా జ్ఞానమంటే ఏమిటన్న తాత్విక ప్రశ్న దాకా వెళ్లింది. అన్నిచోట్లా నడిపించిన ఆలోచన ఒకటే. మనకు తెలిసింది ఎప్పుడూ అసంపూర్ణమే. ఆ కొరత ఎంతో కొలవగలిగితే, తెలిసినదాన్ని నమ్మి నిర్ణయాలు తీసుకోవచ్చు.

ఆయన 1920 సెప్టెంబరు 10న బళ్లారి జిల్లా హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. కృష్ణగిరి జిల్లాలోని హోసూరులాగే హడగలి కూడా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1953లో హడగలి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది, హోసూరు మద్రాసులోనే ఉండిపోయింది. రాష్ట్రాల గీతలు తెలుగు ఇళ్ల మధ్యగా ఎలా సాగాయో కృష్ణగిరి జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. పదిమంది సంతానంలో ఎనిమిదోవాడు కావడంతో ఆయనకు కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రి దొరస్వామి నాయుడు పోలీసు ఇన్‌స్పెక్టరు. ఆయన బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామల్లో సాగిన చదువు విశాఖపట్నంలో కుదుటపడింది. తల్లి లక్ష్మీకాంతమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేపి, చదువుకోవడానికి నూనెదీపం వెలిగించేవారని తరువాతి రోజుల్లో ఒక పుస్తకం అంకితంలో ఆయనే రాసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి, యుద్ధకాలంలో సైనిక సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1941 జనవరిలో శిక్షణకు చేరారు. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి గణాంకశాస్త్రంలో ఎం.ఏ. పట్టా తీసుకున్నారు.

ఆ ప్రసిద్ధ వ్యాసానికి బీజం పడింది తరగతి గదిలో. కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ, నమూనా చాలా పెద్దదైనప్పుడు అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో తెలిపే, బ్రిటిష్ గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్ ఫలితాన్ని రావు నిరూపించారు. నమూనా చిన్నదైతే ఏమిటని వి.ఎం.దాండేకర్ అనే విద్యార్థి అడిగాడు. ఈ దాండేకరే తర్వాత భారతదేశంలో పేదరికంపై అధ్యయనంతో పేరొందిన ఆర్థికవేత్త. రావు ఆ రాత్రే జవాబు కనుక్కుని మర్నాడు తరగతిలో చెప్పారు. విద్యార్థి ప్రశ్నను ఇంత గౌరవంగా తీసుకోవడమే ఆయన బోధనలోని అసలు బలం.

జవాబు సారాంశం కృష్ణగిరి మామిడితో తేలిగ్గా తెలుస్తుంది. గుజ్జు ఫ్యాక్టరీకి ఒక లారీ తోతాపురి వచ్చిందనుకుందాం. కాయలన్నీ కోసి చూడలేరు కాబట్టి కొన్నింటిని కలగాపులగంగా తీసి తీపిని బ్రిక్స్‌లో కొలుస్తారు. కాయకూ కాయకూ తీపిలో తేడా గంటాకార వక్రం ప్రకారం ఉండి, దాని ప్రామాణిక విచలనం 2 బ్రిక్స్ అనుకుంటే, 16 కాయల సగటులో ఉండే ప్రామాణిక దోషం 0.5. దాన్ని 0.25కి తగ్గించాలంటే 64 కాయలు కోయాలి. దోషం సగం కావాలంటే నమూనా నాలుగింతలు కావాలన్నమాట. ఎక్కువవైపో తక్కువవైపో మొగ్గు చూపని ఏ అంచనా పద్ధతైనా, ఎంత తెలివిగా కట్టినా, 16 కాయలతో 0.5 కంటే కిందికి దిగలేదన్నది రావు చూపిన హద్దు. స్వీడన్ గణితవేత్త హరాల్డ్ క్రామర్ విడిగా ఇదే ఫలితానికి చేరి 1946లో ప్రచురించారు. ఈ హద్దు వల్ల శాస్త్రజ్ఞులకు గొప్ప మేలు జరిగింది. హద్దును తాకిన పద్ధతి చేతిలో ఉంటే ఇంకా మంచిదానికోసం వెతుకులాట ఆపేయవచ్చు.

రెండో ఫలితం నాసిరకం అంచనాను మెరుగుపరిచే ఉపాయం. పదహారు కాయల్లో మొదటిదాని తీపినే లారీ మొత్తానికి అంచనాగా తీసుకుంటే మిగతా పదిహేను కాయలు చెప్పేదంతా వృథా అవుతుంది. లారీ సగటు తీపి గురించి నమూనా చెప్పగలిగినదంతా ఆ కాయల తీపి మొత్తంలోనే ఇమిడి ఉంది. ఏ కాయ ముందు చేతికొచ్చిందన్నది దానికి ఏమీ కలపదు. ఆ మొత్తం తెలిసినప్పుడు మొదటి కాయ తీపి ఎంత ఉండవచ్చని లెక్కవేస్తే వచ్చేది పదహారింటి సగటే. పనికిరాని వివరాన్ని ఇలా వడగడితే అంచనా మెరుగుపడుతుందే తప్ప దిగజారదని ఈ సిద్ధాంతం హామీ ఇస్తుంది. అమెరికన్ గణితవేత్త డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లో దీన్ని స్వతంత్రంగా కనుక్కున్నారు. అదే వ్యాసంలో సంభావ్యతా విభాజనాల మధ్య దూరాన్ని జ్యామితితో కొలిచే ఆలోచన కూడా ఉంది. దానిమీద పెరిగిన శాస్త్రాన్ని నేడు యంత్రాభ్యసనంలో వాడుతున్నారు.

1946లో మహలనోబిస్ ఆయన్ను కేంబ్రిడ్జి పంపారు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన పురాతన మానవ అస్థిపంజరాల కొలతలను కేంబ్రిడ్జి మ్యూజియంలో విశ్లేషించాలి. ఎముకల ఎన్నో కొలతలను ఒకేసారి చూసి ఏ గుంపు ఏ గుంపుకు దగ్గరో తేల్చడానికి మహలనోబిస్ 1936లో రూపొందించిన దూరపు కొలత ఆధారమైంది. రొనాల్డ్ ఫిషర్ పర్యవేక్షణలో 1948లో రావు డాక్టరేటు పొందారు.

విద్యా పరిశోధనకూ ఈ పద్ధతులే పనికొచ్చాయి. పిల్లలకు తెలుగులో, లెక్కల్లో, సైన్సులో వచ్చిన మార్కులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వాటి వెనుక నేరుగా కొలవలేని ఉమ్మడి సామర్థ్యాలు ఎన్ని ఉన్నాయో తేల్చేది కారక విశ్లేషణ. 1955లో సైకోమెట్రికా పత్రికలో రావు దీనికి కొత్త అంచనా పద్ధతిని ఇచ్చారు.

కర్మాగారాలకు దగ్గరైన పని 1947లో వచ్చింది. ఒక భాగం నాణ్యతపై ఏడు అంశాల ప్రభావం తెలియాలి, ఒక్కోదానికి రెండేసి స్థాయిలు ఉన్నాయంటే అన్ని కలయికలకూ 128 ప్రయోగాలు కావాలి. రావు ప్రతిపాదించిన ఆర్థోగోనల్ అరేల పట్టిక ప్రకారం చేస్తే ఒక్కో అంశం ప్రధాన ప్రభావం ఎనిమిది ప్రయోగాల్లోనే బయటపడుతుంది. అంశాలు ఒకదానిపై ఒకటి చూపే ప్రభావం అంత పెద్దది కానప్పుడే ఈ పొదుపు చెల్లుతుంది. జపాన్ ఇంజనీరు గెనిచి టగుచి 1954-55లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గడిపారు. ఇలాంటి పట్టికలనే ఆయన ఇంజనీర్ల చేతికి అందించారు. గణాంకాలతో నాణ్యతను అదుపుచేసే ఈ సంప్రదాయానికి ప్రపంచంలో పెద్ద గుర్తింపు డెమింగ్ బహుమతి. హోసూరులో కర్మాగారమున్న టీవీఎస్ మోటార్ 2002లో దాన్ని అందుకుంది. హోసూరు పారిశ్రామికవాడలో పనిచేసే తెలుగు యువకుల్లో ఎందరికో నాణ్యతా విభాగపు పట్టికలు పరిచయమే. వాటి గణితంలో ఒక తెలుగువాడి చేయి ఉందని మాత్రం కొద్దిమందికే తెలుసు.

ఇన్‌స్టిట్యూట్‌లోని పరిశోధన, శిక్షణ విభాగానికి రావు చాలాకాలం నాయకత్వం వహించారు. 1959 నాటి చట్టం ఆ సంస్థకు పట్టాలిచ్చే అధికారం కల్పించాక 1960లో బీ.స్టాట్, ఎం.స్టాట్ కోర్సులు మొదలయ్యాయి. రావు దగ్గర డాక్టరేటు చేసిన గణితవేత్త ఎస్.ఆర్.శ్రీనివాస వరదన్ 2007లో ఏబెల్ బహుమతి పొందారు. 1972లో మహలనోబిస్ మరణించాక రావు కొన్నేళ్లు సంస్థను నడిపి, ఆ దశాబ్దం చివర అమెరికా వెళ్లి పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయాల్లో బోధించారు.

ఆయన తాత్విక చింతన రామానుజన్ స్మారకోపన్యాసాల నుంచి వచ్చిన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ పుస్తకంలో ఉంది. కొన్ని ఉదాహరణల నుంచి సాధారణ సూత్రానికి వెళ్లే తర్కం ఎప్పుడూ నిశ్చయం ఇవ్వదు. తత్వవేత్తలను శతాబ్దాలుగా వేధించిన ఈ చిక్కుకు రావు ఇచ్చే సమాధానం ఆచరణలో నిలిచేది: ఆ తర్కంలోని సందేహం ఎంతో లెక్కగట్టి చెబితే అదీ జ్ఞానమే. ఆ పుస్తకంలోని ఒక ఉదంతం ఈ మాటకు గట్టి సాక్ష్యం. 1947 కల్లోలాల్లో ఢిల్లీ ఎర్రకోటలో తలదాచుకున్న శరణార్థుల సంఖ్య తెలియదు. భోజనాల కాంట్రాక్టర్లేమో భారీ బిల్లులు పెడుతున్నారు. లోపలికి వెళ్లి లెక్కించే వీలు లేదు. గణాంకవేత్తలు బియ్యం, పప్పు, ఉప్పు బిల్లులను తలసరి వాడకంతో భాగించారు. బియ్యం లెక్కలో జనం ఎక్కువ, ఉప్పు లెక్కలో చాలా తక్కువ తేలారు. ఉప్పు చౌక, దాని బిల్లు పెంచితే లాభం లేదు. అందుకే ఉప్పు అంకెనే నమ్మారు. అంకె ఎవరి చేతిలోంచి వచ్చింది, దాన్ని మార్చితే ఎవరికి లాభం అని అడగడం కూడా గణాంకశాస్త్రంలో భాగమే. మన బడుల్లో సగటు కట్టే సూత్రం నేర్పినంత శ్రద్ధగా ఈ ప్రశ్న అడగడం నేర్పరు. ఇది సరిదిద్దుకోవలసిన లోపం.

భారత ప్రభుత్వం ఆయనకు 1968లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ ఇచ్చింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరిట గణిత, గణాంక, కంప్యూటర్ శాస్త్రాల పరిశోధన సంస్థ ఉంది. 1945 వ్యాసం వెలువడిన 78 ఏళ్లకు, 2023లో, అంతర్జాతీయ గణాంక బహుమతి ఆయనకు దక్కింది. అదే ఏడాది ఆగస్టు 22న, 103వ పుట్టినరోజుకు దాదాపు మూడు వారాల ముందు, అమెరికాలోని బఫెలోలో ఆయన మరణించారు.