ట్రాలీకీ బ్రేకు కావాలి

చెరకు క్రషింగ్ మొదలైతే అడ్లూర్ ఎల్లారెడ్డిలోని గాయత్రి షుగర్స్‌కు, నిజాంసాగర్ దగ్గర మాగి ఫ్యాక్టరీకి పోయే దారులన్నీ ట్రాక్టర్లతో నిండిపోతాయి. కామారెడ్డి దగ్గర అవి 44వ నంబరు జాతీయ రహదారి కూడా ఎక్కుతాయి. ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులైతే, వెనక చెరకు నింపిన ట్రాలీ దానికి మూడింతలు ఉండొచ్చు. ఈ మొత్తాన్ని ఆపాల్సింది ట్రాక్టరు వెనక చక్రాల బ్రేకులే. ముందు చక్రాలకు మామూలుగా బ్రేకులుండవు, మన దగ్గర తిరిగే ట్రాలీల్లో చాలావాటికి అసలే లేవు. రోడ్డెక్కే ప్రతి ట్రాలీకి సొంత బ్రేకు ఉండి తీరాలి.

బ్రేకు బండి పరుగును రాపిడితో వేడిగా మారుస్తుంది. బరువు రెట్టింపైతే ఆ వేడీ రెట్టింపు. వేగం రెట్టింపైతే నాలుగింతలు. ఇప్పటి ట్రాక్టర్లలో ఆయిల్లో మునిగి ఉండే డిస్కులు ఆ వేడిని బాగానే తట్టుకుంటాయి. చిక్కు టైరు దగ్గరుంది. బ్రేకు ఎంత బిగిసినా, రోడ్డు మీద టైరుకుండే పట్టుకు ఒక హద్దుంది. అది దాటితే చక్రం తిరగడం మాని జారుతుంది, వెనక నుంచి ట్రాలీ నెట్టేస్తుంది, ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది. ఇంకో సంగతి: పొలంలో ఒక పక్కకు మలుపుకోవడానికి ట్రాక్టరుకు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లు వేరువేరుగా ఇస్తారు. రోడ్డు మీద ఆ రెంటినీ లాక్‌తో కలపాలి. కలపకపోయినా, ఒక పక్క లైనర్ ఎక్కువ అరిగినా బండి ఒక వైపే లాగుతుంది.

ట్రాక్టరు మెల్లగానే పోతుంది కదా అంటారు. గంటకు 20 కిలోమీటర్ల నుంచి 30కి పెరిగితే చాలు, బ్రేకు మీద భారం రెండింతలు దాటుతుంది. ట్రాలీ బరువు హుక్కు మీద పడి వెనక టైర్లకు పట్టు పెరుగుతుందన్న మాట నిజమే. కానీ అలా పడేది కొంతే, ఎక్కువ బరువు ట్రాలీ ఇరుసు మీదే ఉంటుంది. అసలైన అభ్యంతరం ఖర్చు. ట్రాక్టరు హైడ్రాలిక్ నుంచి గొట్టం లాగినా, ఎయిర్ కంప్రెసర్ పెట్టినా, చెరకు బిల్లు కోసం ఎదురుచూసే రైతు నెత్తిన ఆ భారం వేయడం న్యాయం కాదు. యూరప్‌లో బరువైన వ్యవసాయ ట్రైలర్లకు సొంత బ్రేకులు తప్పనిసరి చేశారు. ఇక్కడ ఆ ఖర్చులో ఫ్యాక్టరీలూ ప్రభుత్వమూ వాటా తీసుకోవాలి. ప్రతి ట్రాలీ ఎలాగూ ఫ్యాక్టరీ కాంటా దగ్గర ఆగాల్సిందే, తనిఖీ అక్కడే పెట్టొచ్చు. అందాకా ఈ సీజన్లోనే చేయగలిగినవి ఉన్నాయి: రెండు పెడళ్ల ప్లే సమానంగా సరిచేయించడం, లాక్ వేశాకే రోడ్డెక్కడం, డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేయకుండా చిన్న గేరులోనే దిగడం.