ఇంజను చోటు మారితే

మారుతీ ఎనిమిదొందల ఇంజను దించడానికి పెద్ద హంగామా అక్కర్లేదు. బోనెట్టు విప్పి, రేడియేటరు తీసి, రెండు పక్కలా డ్రైవ్ షాఫ్టులు లాగేసి, మౌంటింగులు వదులు చేస్తే ఇంజనూ గేరుబాక్సూ ఒకే ముద్దగా చెయిన్ బ్లాకుకి వేలాడతాయి. మూడు సిలిండర్లు, 796 సీసీ. దీని మీద చెయ్యి తిరగని మెకానిక్ తెనాలిలో ఉండడు. రేపల్లెలోనూ బాపట్లలోనూ అంతే. ఇంత మామూలు ఇంజనుతో రేసుకారు కట్టిన మనిషి గురించి మాత్రం మా షెడ్డుల్లో ఎవరూ చెప్పుకోరు. చెప్పుకోవాలని నా కోరిక.

ఆయన ఎస్. కరివర్ధన్. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ స్థాపించిన కుప్పుస్వామి నాయుడి కుటుంబం. తరాల కిందట తమిళనాడు వెళ్లి స్థిరపడినా ఇంట్లో తెలుగు వదలని నాయుళ్ల సమాజం వాళ్లది. అప్పట్లో మన దేశంలో రేసుకారంటే బాగా డబ్బున్నవాళ్ల వ్యవహారం. 1988లో ఆయన ఫార్ములా మారుతీని తెచ్చారు. ఒకే సీటు, బయటికి కనిపించే నాలుగు చక్రాలు, డ్రైవరు వీపు వెనక మన ఎనిమిదొందల ఇంజను. అందరికీ అదే ఇంజను కాబట్టి ఎవరి దగ్గర డబ్బెక్కువ అన్న ప్రశ్న వెనక్కి పోయి, ఎవరు బాగా నడుపుతారన్నది ముందుకొచ్చింది.

ముందుండాల్సిన ఇంజనుని వెనక్కి ఎందుకు మార్చారు? ధాన్యం బస్తాలు ఎత్తే బండివాడికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ముందుకి ఎక్కువేస్తే ఎద్దుల మెడ నలుగుతుంది. వెనక్కి ఎక్కువేస్తే కాడి పైకి లేచి మెడ కింది తాడు బిగుసుకుంటుంది. అందుకే అతని కన్నెప్పుడూ ఇరుసు మీదే ఉంటుంది. కారులోనూ బరువైన సరుకు కొసన ఉంటే మలుపులో బండి మొండికేస్తుంది. మధ్యకి దగ్గరగా ఉంటే చటుక్కున తిరుగుతుంది. పైగా ముందు ఇంజను లేకపోతే ముక్కు సన్నబడుతుంది, డ్రైవరు నేలకి ఆనుకున్నట్టు కూర్చోవచ్చు, గాలి తక్కువ అడ్డుపడుతుంది.

ఈ సంగతి అమెరికాలోని ఇండియానాపోలిస్‌కి 1961లో తెలిసొచ్చింది. అక్కడి ట్రాకు చుట్టు నాలుగు కిలోమీటర్లు. మలుపులన్నీ ఎడమకే. రేసంటే 200 చుట్లు. ఆనాటి కార్లన్నిటికీ ముందు భాగంలో 4.2 లీటర్ల ఆఫెన్‌హౌసర్ ఇంజను. ఆస్ట్రేలియా డ్రైవరు జాక్ బ్రాబమ్ మాత్రం 2.7 లీటర్ల ఇంజను వెనక పెట్టుకున్న చిన్న కూపర్ కారుతో వచ్చాడు. తిన్నటి దారిలో పెద్ద కార్లు దాటిపోయేవి. మలుపుల్లో ఈ చిన్నది వాటిని పట్టుకునేది. చివరికి తొమ్మిదో స్థానం వచ్చింది. గెలవలేదు గానీ చూసినవాళ్లకి చూపు మారింది. 1965లో జిమ్ క్లార్క్ అక్కడే, వెనక ఇంజను ఉన్న లోటస్ కారుతో గెలిచాడు. అంతే, ఆ తర్వాత ముందు ఇంజను కారు అక్కడ ఒక్కసారీ గెలవలేదు.

కరివర్ధన్ చేతికి రేసు ఇంజను కూడా లేదు. ఉన్నదల్లా సంసారుల కారు ఇంజను. ఆ కారులో దాన్ని ముందు పెట్టింది మనుషులకీ సామానుకీ చోటు మిగలాలని. రేసుకారులో కూర్చునేది ఒక్కడే. అవసరం మారింది, చోటు మారింది. ఇంజనూ గేరుబాక్సూ ఒకే ముద్దగా ఉండటం అక్కడ వరమైంది.

కోయంబత్తూరు కుర్రాడు నరైన్ కార్తికేయన్ శ్రీపెరుంబుదూరులో మొదటి రేసు పరిగెత్తింది ఫార్ములా మారుతీలోనే. 2005లో అతను ఫార్ములా వన్‌కి చేరాడు. ఆ ఏడాది ఇండియానాపోలిస్ రేసులో, అక్కడి ఏటవాలు మలుపుకి తమ టైర్లు తట్టుకోవన్న భయంతో చాలా జట్లు తప్పుకోగా ఆరు కార్లే పోటీపడ్డాయి. అందులో నాలుగో స్థానం తెచ్చుకుని, ఫార్ములా వన్‌లో పాయింట్లు సాధించిన మొదటి భారతీయుడయ్యాడు. 2010లో అమెరికాలోని నాస్కార్ ట్రక్కుల పోటీలో ఓవల్ ట్రాకుల మీదా పరిగెత్తాడు. ఆ ఫార్ములా వన్, నాస్కార్ రోజులు కరివర్ధన్ చూడలేదు. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరులో రేసు ట్రాకుకి ఆయన పేరే పెట్టారు: కరి మోటార్ స్పీడ్‌వే.

మా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకి పార్టు మార్చడం త్వరగానే వస్తుంది. ‘బాబాయ్, ఇది ఇక్కడే ఎందుకుంది?’ అని అడిగేవాడు అరుదు. అడిగినవాడి చేతికి నేను సంతోషంగా స్పానరిస్తాను. ఈ పనిలో ఎదుగుదల ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

ఎనిమిదొందల తయారీ 2014లో ఆగిపోయింది. పాత బండ్లు తూకానికి పోతున్నాయి. వాటిలో ఇంకా ఊపిరున్న ఇంజన్లున్నాయి. బాపట్లలో ఇంజనీరింగ్ చదివే పిల్లలకి చట్రం గీయడం, బరువు లెక్కకట్టడం తెలుసు. తెనాలి, రేపల్లె షెడ్డుల్లో వెల్డింగు చేసే చేతులున్నాయి. ఒక్క సెలవుల కాలం వీళ్లంతా కలిసి ఒక పాత ఇంజనుని డ్రైవరు వెనక్కి మార్చి చూడాలి. పందెం గెలవకపోయినా ఫరవాలేదు. కాయితం మీది లెక్క మలుపులో ఎంతవరకు నిలిచిందో పిల్లలు చూస్తారు, తన చేతిపనికి వెనకున్న లెక్క ఏమిటో మెకానిక్ తెలుసుకుంటాడు. అలాంటి ప్రయత్నం ఎవరు మొదలుపెట్టినా, దించిన ఇంజను ఒకటి నా తరఫున ఇస్తాను.