తాటాకు పందిరి పనితనం

ఒంగోలు ప్రాంతంలో వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాలు ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లోనే పడతాయి. అలాంటి వేళ కూడా వాకిట్లో వందలమంది చుట్టాలు స్థిమితంగా కూర్చోగలుగుతున్నారంటే, ఆ ఘనత ముందుగా పందిరి వేసేవారిదే. సరుగుడు గుంజలు పాతి, వెదుళ్లు అడ్డంగా కట్టి, తాటాకు వరస మీద వరస పరుస్తారు. రేకు కాగి, ఆ వేడినంతా కిందివాళ్ల నెత్తిన దించుతుంది. ఆకు అంతగా కాగదు. సందుల్లోంచి వేడిగాలిని పైకి వదిలేస్తుంది కూడా. తూర్పు తెరిచి ఉంచితే మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి వస్తుంది. పడమటెండకు దడి కడతారు. ఇంజనీరు గీసివ్వని లెక్క ఇది, మెచ్చుకోవలసిన లెక్క.

తాటాకుకు నిప్పు భయం ఉందన్న మాట నిజమే. అందుకే గాడిపొయ్యి దూరంగా తవ్విస్తారు, కరెంటు తీగలు ఆకుకు తగలనివ్వకూడదు. ఏసీ కల్యాణమండపాలుండగా ఇదెందుకంటారా? వాటి అద్దె అందరికీ అందేది కాదు. కరెంటు పోతే మూసిన హాల్లో ఉక్క భరించలేం. 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా వంటి తుపానుకు ఏ పందిరీ ఆగదు, ఒప్పుకోవాలి. కానీ వేసవి జల్లుకు కప్పును వాలుగా కట్టి, టార్పాలిన్ సిద్ధంగా ఉంచే పనివాళ్లున్నారు. వేదిక పూలకు అడిగినంత ఇచ్చేవారు పందిరి కూలి దగ్గర బేరమాడకండి.