నేపథ్యగానంలో వయస్సు: ఎస్. జానకి గాత్ర పరిణామం

గాయని శరీరాన్ని తెరచాటున ఉంచి, ఆమె గాత్రాన్ని మరొకరి ముఖానికి అప్పగించే కళ నేపథ్యగానం. మన సినిమాలో ఆ ముఖం వయస్సు ఇరవైకి అటూ ఇటూగా స్థిరపడిపోయింది. గాయని వయస్సు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. శ్రోతలు, వారి వెంట విమర్శకులు 'గొంతు తగ్గింది' అని తేలికగా అనే మాట ఈ ఎడం నుంచి పుట్టినదే.

ఎస్. జానకి 1938 ఏప్రిల్ 23న నాటి గుంటూరు జిల్లా రేపల్లె తాలూకా పల్లపట్లలో జన్మించారు. సినీగానం 1957లో ఆరంభించారు. 'కొంజుం సలంగై' (1962), దాని తెలుగు రూపమైన 'మురిపించే మువ్వలు' చిత్రాలలో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో పోటీపడిన పాట ఆమె యౌవన గాత్రానికి కొలమానం. అక్కడ గొంతు వాద్యానికి దీటైన మరో వాద్యం. 'సితార' (1984) నాటికి ఆమె వయస్సు 46. ఇళయరాజా స్వరపరచిన గోదావరి పాటలో స్వరాన్ని నిలబెట్టే బలం కన్నా దాని చివర విడిచే ఊపిరికే ప్రాధాన్యం. 'దేవర్ మగన్' (1992)లో 54 ఏళ్ల గాయని పల్లెటూరి కొత్త పెళ్లికూతురి బిడియాన్ని పలికించారు. ఈ రెండు పాటలకూ జాతీయ పురస్కారాలు లభించాయి. వీటిని 'వయస్సు తెలియనివ్వని గొంతు' అని మెచ్చుకోవడం పరిపాటి. నిజానికి అది సగం మెప్పే. 1962 నాటి గొంతే చెక్కుచెదరకుండా ఉంటే ఆ బిడియం పలికేది కాదు.

వయస్సు మీదపడే కొద్దీ స్వరతంత్రుల సాగుదనం, ఊపిరి నిడివి తగ్గుతాయి. స్త్రీల శ్రుతి సాధారణంగా కిందికి దిగుతుంది. నిలిపిన స్వరంలో కంపం వెడల్పవుతుంది. పసిపిల్లల గొంతును, వృద్ధుల గొంతును అనుకరించి పాడటంలో జానకి సుప్రసిద్ధురాలు. అంటే వార్ధక్యాన్ని ఆమె తన గొంతులోకి రాకముందే నటించారు. ముఖంలో కదలిక లేకుండా నిశ్చలంగా నిలబడి పాడే ఆమెకు నటనంతా కంఠంలోనే. నటించిన వణుకును మెచ్చిన శ్రోతే, నిజంగా వచ్చిన వణుకును లోపమంటాడు!

గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప పల్లెల గానసంప్రదాయంలో ఈ చిక్కు ఇంతగా లేదు. పద్యనాటకంలో నటుడి గొంతు అందకపోతే హార్మోనిస్టు శ్రుతి దించుతాడు. పొన్నెకల్లులో 1920లో పుట్టి, పత్తి ఏకే తన కులం పేరునే 'పింజారి' అని ఆత్మకథకు పెట్టుకున్న షేక్ నాజర్ బుర్రకథలోనైతే, కథకుడు ఊపిరి తీసుకునే వ్యవధిని వంతల 'తందాన తాన' నింపుతుంది. పాడే మనిషి కళ్లెదుటే ఉంటాడు కనుక, నెరిసిన జుట్టుకు నెరిసిన గొంతు ఎబ్బెట్టుగా తోచదు. నేపథ్యగాయనికి ఆ వెసులుబాటు లేదు. ఆమె శ్రుతి దిగితే నాయిక ముసలిదవుతుంది.

2016లో 78 ఏళ్ల వయస్సులో, మలయాళ చిత్రం '10 కల్పనకళ్'లో పాడిన జోలపాటతో సినీగానాన్ని విరమిస్తున్నట్లు జానకి ప్రకటించారు. మరుసటి ఏడాది మైసూరు వేదికపై పాడారు. జోలపాటను కేవలం వీడ్కోలుగా చూస్తే దాని విశేషం అందదు. నాయిక వయస్సుతో నిమిత్తం లేకుండా, అమ్మమ్మ గొంతుకు పూర్తి హక్కున్న కొద్ది ప్రక్రియల్లో అది ఒకటి. అందులో వినిపించే సన్నని కంపాన్ని అనుకరణగా వినాలో, స్వభావంగా వినాలో విమర్శకుడు తేల్చుకోవలసి ఉంటుంది. స్వభావంగా వినడమే ఆ పాటకు న్యాయం.