లాక్ సమ్మతి సిద్ధాంతం: చీరాల, దర్శి వెలుగులో ఒక విమర్శ

పాలితుల సమ్మతే ప్రభుత్వానికి ఆధారమన్న భావనకు తత్వవేత్తలలో జాన్ లాక్ పేరు ముందుగా చెబుతారు. 1689లో వెలువడిన తన రెండు ప్రభుత్వ గ్రంథాలలో మొదటిదానిలో ఆయన, రాజాధికారం ఆదాము నుండి సంక్రమించిందన్న రాబర్ట్ ఫిల్మర్ వాదాన్ని లేఖనాధారంగానే ఖండించాడు. రెండవదానిలో, ప్రజల లేదా వారి ప్రతినిధుల సమ్మతి లేనిదే పన్ను విధించరాదన్నాడు. చట్టం అనుమతి లేని పన్నును నిషేధించే మన రాజ్యాంగపు 265వ అధికరణం ఈ ధోరణికి చెందినదే.

అయితే, ఒక రాజ్యపు హద్దులలో నివసించడమే మౌన సమ్మతి అని కూడా లాక్ అన్నాడు. ఇక్కడే ఆయన వాదం బలహీనపడింది. పరాయి భాష తెలియక, రోజు కూలితో బ్రతికే పేదవానికి దేశం విడిచిపోయే స్వేచ్ఛ ఎక్కడిదని 1748లో డేవిడ్ హ్యూమ్ ప్రశ్నించాడు.

ఈ ప్రశ్నకు మన ప్రాంతంలోనే ఒక నిదర్శనం ఉంది. మద్రాసు ప్రభుత్వం చీరాల-పేరాలను మున్సిపాలిటీగా మార్చగా పన్నుల భారం పెరిగింది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ప్రజలలో అత్యధికులు ఇండ్లు విడిచి, పట్టణపు హద్దు అవతల రామనగర్‌లో పాకలు వేసుకొని నెలల తరబడి నివసించారు. నివాసమే సమ్మతి అయితే, నివాసం విడవడం స్పష్టమైన నిరాకరణ. అయినా మున్సిపాలిటీ నిలిచింది. నాయకుడు జైలు పాలయ్యాక ప్రజలు తిరిగి వచ్చారు. ఆ రాకను సమ్మతి అనగలమా?

అది పరాయి పాలన అనవచ్చు. కాని దర్శిని చూడండి. గ్రామ పంచాయతీగా ఉన్న దర్శి నగర పంచాయతీ అయింది; 2021 నవంబరులో 20 వార్డులకు ఎన్నికలు జరిగాయి. ఇటువంటి మార్పుకు 243క్యూ అధికరణం జనాభా, జనసాంద్రత, ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి వంటి వాటిని ప్రమాణాలుగా పేర్కొంటుంది. ప్రజల సమ్మతి వాటిలో లేదు. శాసనసభ ద్వారా ఆ సమ్మతి ముందే లభించిందన్న సమాధానం పాక్షికంగా సరైనదే. కాని నష్టపోయేదెవరు? మిరప కోతకు, పత్తి తీతకు వెళ్లే కూలీకి చట్టబద్ధమైన గ్రామీణ ఉపాధి హామీ పట్టణంలో వర్తించదు. గ్రామసభ కూడా ఉండదు. వార్డు కమిటీలను రాజ్యాంగం తప్పనిసరి చేసింది 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాలకే.

కాబట్టి లాక్ సూత్రాన్ని నిలుపుకొని, మౌన సమ్మతిని విడిచిపెట్టాలి. ఊరు విడవకుండానే ‘వద్దు’ అనగలిగే చోటు ఉన్నప్పుడే ‘సరే’ అన్న మాటకు విలువ. గ్రామ స్వరూపం మార్చేముందు గ్రామసభ అభిప్రాయం తీసుకోవడం ఆ సూత్రానికి కనీస గౌరవం.