ఏప్రిల్ లేని ఆటలు

టొరంటోలో ఇన్సూరెన్స్ లెక్కలు కట్టే ఉద్యోగం నాది. అక్టోబర్ వచ్చిందంటే మా ఆఫీసులో క్లెయిముల కంటే హాకీ మీదే ఎక్కువ వాదన నడుస్తుంది. ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు. స్కేట్లు కట్టుకుని మంచు మీద జారుతూ, పక్ అనే రబ్బరు బిళ్లను వల్లోకి కొట్టే ఐస్ హాకీ. ఈ ఊరి జట్టు మేపుల్ లీఫ్స్ చివరిసారి స్టాన్లీ కప్ గెలిచింది 1967లో. అయినా ఏటా శీతాకాలం మొదట్లో ‘ఈసారి మనదే’ అనేవాళ్లకు కొదవ లేదు. వాళ్లతో తగువు పెట్టుకునే లెక్కల మనుషులకూ కొదవ లేదు.

ఆ తగువు బాగా ముదిరింది 2013-14 సీజన్‌లో. అంతకుముందు మే నెలలో ప్లేఆఫ్స్‌లో (కప్ కోసం ఆడే చివరి పోటీల్లో) బోస్టన్‌తో ఏడో మ్యాచ్‌లో లీఫ్స్ 4-1తో ముందుండి, ఇంకా తొంభై సెకన్లే ఉన్నాయనగా కూడా 4-2తో ఉండి, చివరికి అదనపు సమయంలో ఓడిపోయింది. ఆ గాయం మానకముందే కొత్త సీజన్ వచ్చింది, జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఊరంతా సంబరం. లెక్కలవాళ్లు మాత్రం ఇది నిలిచే గెలుపు కాదన్నారు. ఎదుటి జట్లు మ్యాచ్‌కు సుమారు 36 షాట్లు లీఫ్స్ వల మీదికి కొడుతున్నాయి. లీగ్‌లో ఏ జట్టూ అన్ని తినలేదు. గోలీ (గోల్‌కీపర్) జొనథన్ బెర్నియే అద్భుతంగా ఆపుతున్నాడు కాబట్టి సరిపోతోంది. ‘ఎన్ని కొట్టారన్నది కాదు, ఎలాంటి షాట్లు కొట్టారన్నది ముఖ్యం’ అని రెండో పక్షం వాదన. మార్చి మధ్య దాకా రెండో పక్షమే నెగ్గుతున్నట్టు కనిపించింది. అక్కడి నుంచి మిగిలిన 14 మ్యాచ్‌లలో జట్టు 12 ఓడిపోయింది. 84 పాయింట్లతో ప్లేఆఫ్స్‌కు కూడా వెళ్లలేదు.

లెక్కలవాళ్ల చేతిలో ఉన్న ప్రధాన సాధనం పేరు కోర్సీ. బఫలో సేబర్స్ జట్టుకు గోలీల కోచ్‌గా ఉన్న జిమ్ కోర్సీ, తన గోలీలు ఎంత అలిసిపోతున్నారో తెలుసుకోవడానికి ఎదుటివాళ్ల ప్రతి షాట్ ప్రయత్నాన్నీ లెక్కపెట్టేవాడు. వల మీదికి వచ్చినవి, పక్కకు పోయినవి, మధ్యలో ఎవరి కాలికో తగిలి ఆగినవి, అన్నీ. షాట్ ఎటు పోయినా గోలీ ఒంగి కాచుకోక తప్పదు కదా. షికాగోలో ఆర్థిక విశ్లేషకుడిగా పనిచేసే టిమ్ బార్న్స్ అనే ఎడ్మంటన్ అభిమాని ఆ సంగతి విని, దాన్ని జట్ల బలాబలాలు తేల్చే కొలతగా మార్చాడు. మనం కొట్టినవెన్ని, వాళ్లు కొట్టినవెన్ని, అంతే. రేడియోలో ఈ విషయం చెప్పింది నిజానికి సేబర్స్ జనరల్ మేనేజర్. ఆయన పేరు చెవికి ఇంపుగా లేదని, కోచ్ ఫొటోలో మీసం నచ్చిందని బార్న్స్ కోర్సీ పేరు తగిలించాడట. పెద్ద పెద్ద కొలతలకు ఇలాంటి పుట్టుకలుండటం నాకు భలే ఇష్టం.

అసలు గోల్స్ వదిలేసి ప్రయత్నాలు ఎందుకు లెక్కపెట్టాలి? ఒక మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి కొట్టే గోల్స్ అయిదో ఆరో. అంత చిన్న సంఖ్యలో అదృష్టానిదే పెద్ద వాటా. పక్ గోల్ స్తంభానికి తగిలి లోపలికి పోయిందా బయటికి వచ్చిందా అన్నదాని మీద మ్యాచ్ ఫలితం తిరగబడుతుంది. ప్రయత్నాలైతే రెండు జట్లవీ కలిపి వంద దాటుతాయి. ఆటగాళ్ల పనితనం కనిపించడానికి అక్కడ కాస్త చోటుంది.

దానికి తోడు పీడీఓ అని ఇంకో లెక్క. ఈ మూడక్షరాలు దేనికీ పొడి అక్షరాలు కావు, ఆ ఆలోచన చెప్పిన బ్రయన్ కింగ్ పెట్టుకున్న మారుపేరు. జట్టు కొట్టిన షాట్లలో ఎంత శాతం గోల్ అయ్యాయో చూసి, దానికి ఆ జట్టు గోలీ ఎంత శాతం ఆపాడో కలపాలి. ఒకరి గోల్ అంటే మరొకరి గోలీ ఆపలేకపోయిన షాటే కాబట్టి లీగ్ మొత్తానికి అది ఎప్పుడూ వందే. నూటమూడు దగ్గర ఎగురుతున్న జట్టు చాలావరకు వందవైపు దిగుతుంది, తొంభై ఏడు దగ్గర ఉన్నది పైకి లేస్తుంది. ఇన్సూరెన్స్‌లో ఇది మాకు రోజువారీ సంగతి. ఒక ఏడాది విపరీతంగా యాక్సిడెంట్లు చేసిన డ్రైవర్లను పక్కకు తీసి చూడండి, వాళ్లకు మనం ఏ పాఠమూ చెప్పకపోయినా మరుసటి ఏడాది ఆ గుంపు కాస్త బాగుపడి ఉంటుంది. చెప్పి ఉంటే మాత్రం ఆ ఘనత మన పాఠానిదే అనుకుంటాం.

2014 జులైలో లీఫ్స్ యాజమాన్యం 28 ఏళ్ల కైల్ డూబస్‌ను అసిస్టెంట్ జనరల్ మేనేజర్‌గా తెచ్చుకుంది. ఇన్నాళ్లూ బయట కూర్చుని లెక్కలు రాసినవాళ్లకు ఆ వేసవిలో లీగ్ అంతటా ఉద్యోగాలు దొరికాయి. కథ ఇక్కడ ఆపితే లెక్కలవాళ్లకు బాగుంటుంది గానీ, 2015 జనవరిలో జరిగింది కూడా చెప్పాలి. కోచ్‌ను మార్చాక ఎదుటివాళ్ల షాట్లు తగ్గాయి, కోర్సీ మెరుగుపడింది. అప్పుడు జట్టు వరసగా 11 మ్యాచ్‌లు గెలవలేదు. ఎంత కొట్టినా పక్ లోపలికి పోదు. మా ఆఫీసులో పాతకాలపువాళ్లు ఆ నెలంతా మమ్మల్ని చూసి నవ్వుతూనే ఉన్నారు. అదృష్టం ఉందని నమ్మేవాడు, అది తన మీదికి వచ్చినప్పుడూ నమ్మాలి మరి.

హాకీలో నాకు నచ్చేది ఇదే. ఎవరేం వాదించినా ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్‌కు ముందటి మ్యాచ్‌లన్నీ ముగుస్తాయి, పాయింట్ల పట్టిక బయట పడుతుంది. అక్టోబర్‌లో ఎవరు ఏం అన్నారో అందరికీ గుర్తుంటుంది. సమాజం గురించి పేపర్లలో, టీవీల్లో సంఖ్యలతో జరిగే రచ్చకు అలాంటి ఏప్రిల్ ఉండదు.

ఈ ఊరి ఉదాహరణే తీసుకోండి. 2005ను టొరంటో ఇప్పటికీ ‘తుపాకి సంవత్సరం’ అనే పిలుస్తుంది. ఆ ఏడు నగరంలో 80 హత్యలు జరిగాయి, అందులో 52 తుపాకితో. ముందు ఏడు మొత్తం 64, తుపాకివి 27. క్రిస్మస్ మర్నాడు నడిబొడ్డున యంగ్ స్ట్రీట్‌లో, షాపింగ్ జనం మధ్య కాల్పులు జరిగి ఒక పదిహేనేళ్ల పిల్ల చనిపోయింది. దాంతో నగరం వణికిపోయింది. ఆ పిల్ల చావును సంఖ్యగా మార్చి మాట్లాడటం నాకూ కష్టమే. కానీ నిర్ణయాలు తీసుకునేది సంఖ్యలు చూపించి కాబట్టి వాటిని చూడక తప్పదు.

మా వృత్తిలో ఒక మోటు లెక్క ఉంది. అరుదుగా జరిగేవాటి సంఖ్య, కారణాలేవీ మారకపోయినా, దాని వర్గమూలమంత అటూ ఇటూ ఊగుతుంది. రెండింతలు ఊగినా పెద్ద ఆశ్చర్యం లేదు. 64కి వర్గమూలం 8. కాబట్టి 48 నుంచి 80 దాకా ఏది వచ్చినా ‘ఏదో మారిపోయింది’ అని గట్టిగా చెప్పలేం. 80 సరిగ్గా ఆ అంచు మీద ఉంది. తుపాకి హత్యలకు ఇదే లెక్క వేస్తే వేరే కథ. 27కి వర్గమూలం అయిదు పైచిలుకు, అంటే 17 నుంచి 37 దాకా మామూలు. 52 ఆ దరిదాపుల్లో లేదు. అంటే ‘నగరంలో హత్యలు పెచ్చుపెరిగాయి’ అన్న మాటకు బలం తక్కువ. ‘చంపేవాడి చేతికి తుపాకి వచ్చింది’ అన్న మాటకు బలం ఎక్కువ. రెండింటికీ మందు ఒకటి కాదు. ఈ లెక్కకూ ఒక లోపం ఉంది. ముఠాల పగల్లో ఒక హత్య ఇంకో హత్యను పిలుస్తుంది, అప్పుడు ఊగిసలాట వర్గమూలం కంటే పెద్దదే. అది కూడా కలుపుకుంటే మొత్తం హత్యల మీద కేకలు ఇంకా తగ్గాలి.

2006లో టావిస్ పేరుతో ప్రత్యేక పోలీసు దళం వచ్చింది. ఆ ఏడు హత్యలు తగ్గాయి, ఘనత దళానికి వెళ్లింది. 2007లో మళ్లీ పెరిగాయి. దళం పనిచేయలేదని దీన్నిబట్టి తేల్చలేం. పనిచేసిందని 2006నుబట్టి తేల్చకూడదన్నదే నా మాట. 2005లాంటి శిఖరం తర్వాత ఏం చేసినా, ఏమీ చేయకపోయినా, సంఖ్య కొంత దిగి ఉండేది. దళం పోలీసులు వీధుల్లో కుర్రాళ్లను ఆపి, పేర్లు, వివరాలు కార్డుల మీద రాసుకుంటూ పోయారు. జనాభాలో తమ వాటాకు మించి నల్లజాతి కుర్రాళ్లు ఆ కార్డులకెక్కారు. ఆ పద్ధతికి ప్రభుత్వం పగ్గాలు వేసేసరికి 2017 వచ్చింది. హాకీలో అయితే కోచ్‌ను ఒక్క చెడ్డ ఏప్రిల్‌కే మార్చేస్తారు.

సంఖ్య పుట్టేచోటే ఇంకో చిక్కు ఉంది, లెక్కపెట్టే చెయ్యి. హాకీలో ఒంటితో ఢీకొట్టడాన్ని ‘హిట్’ అని నమోదు చేస్తారు. ఏది హిట్టు, ఏది ఒట్టి రాపిడి అన్నది ఆ స్టేడియం గుమాస్తా కంటికి తోచినదాన్నిబట్టి. కొన్ని స్టేడియాల్లో ఉదారంగా రాస్తారు, కొన్నిచోట్ల పిసినారితనంగా. కాబట్టి అనుభవమున్నవాడు హిట్ల పట్టిక చూడగానే ముందు ఇంటి మ్యాచ్‌లనూ బయటి మ్యాచ్‌లనూ విడదీస్తాడు.

ఇదే కంటితో మన తెలంగాణ సంగతి చూడండి. 2022లో దేశమంతటా నమోదైన సైబర్ నేరాలు 65,893 అయితే, అందులో 15,297 ఒక్క తెలంగాణవే అని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. దేశ జనాభాలో మూడు శాతం కూడా లేని రాష్ట్రంలో దాదాపు నాలుగో వంతు నేరాలు! ‘సైబర్ నేరాల రాజధాని’ అంటూ మా వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని వీడియోలు తిరిగాయో. ఆ బ్యూరోయే తన నివేదికల్లో చెబుతుంది, నేరాలు పెరగడం వేరు, నమోదు పెరగడం వేరు అని. బ్యాంకు ఖాతా ఖాళీ అయినవాడు స్టేషన్‌కు వెళ్తే ఒకచోట ఎఫ్ఐఆర్ రాస్తారు, ఇంకోచోట కాగితం తీసుకుని పంపేస్తారు. రాసినచోట నేరం కనిపిస్తుంది. తెలంగాణలో మోసాలు నిజంగానే ఎక్కువ కావచ్చు కూడా, ఫోన్‌లో డబ్బు తిప్పేవాళ్లు ఎక్కువున్న చోట దొంగలూ ఎక్కువే చేరతారు. కానీ ఈ పట్టికను నమ్మి రాష్ట్రాలకు ర్యాంకులిచ్చి తిడితే, వచ్చే ఏడు ర్యాంకు తగ్గించుకోవడానికి అందరికంటే తేలికైన దారి కేసు రాయకపోవడమే. స్టేడియం గుమాస్తాకైతే ఆ అవసరం లేదు.

ఇక సంఖ్యలన్నిటిలోకీ జనాన్ని ఎక్కువగా భయపెట్టినది 2017 జులైలో వచ్చింది. బోస్టన్ యూనివర్సిటీలో ఆన్ మెకీ బృందం, చనిపోయిన అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ ఆటగాళ్ల మెదళ్లు 111 పరీక్షిస్తే, 110లో సీటీఈ కనిపించింది. తలకు పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే మెదడు జబ్బు అది. హాకీకీ దీనితో బంధుత్వం ఉంది. మంచు మీద కొట్లాటకే పేరుపడ్డ డెరెక్ బూగార్డ్ 2011లో 28 ఏళ్లకే చనిపోతే, ఆయన మెదడులోనూ అదే కనిపించింది. పేపర్లన్నీ ‘99 శాతం’ అని రాశాయి.

గుంటూరు నుంచి వచ్చి బ్రాంప్టన్‌లో స్థిరపడిన కుర్రాడొకడు మా ఆఫీసులో ఉన్నాడు. వాడి కొడుకు హాకీ ఆడతానని ఏడుస్తున్నాడట. “అన్నా, నూటికి తొంభై తొమ్మిది మందికి మెదడు పాడవుతుంటే ఎట్లా పంపేది? మా ఆవిడైతే స్కేట్లు కూడా కొననివ్వట్లేదు” అన్నాడు.

“ఒరేయ్, ఆ 111 మెదళ్లు ఎక్కడినుంచి వచ్చాయో ముందు చూడు” అన్నాను. బతికుండగా మతిమరుపు, కోపం, దిగులు చూసి అనుమానం వచ్చిన కుటుంబాలే ఎక్కువగా దానం చేశాయి. పరిశోధకులే ఈ మాట తమ వ్యాసంలో రాసుకున్నారు. పేపర్ల హెడ్డింగుల్లోకి అది ఎక్కలేదు. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. ఆ బృందం పని మొదలుపెట్టిన నాటినుంచి చనిపోయిన మాజీ ఆటగాళ్లు సుమారు 1,300 మంది. పరీక్షించని వాళ్లలో ఒక్కరికీ జబ్బు లేదనుకున్నా, 110 అంటే ఎనిమిది, తొమ్మిది శాతం. 99 కాదు సరే, అంతకు తగ్గే వీలూ లేదు. ప్రాణం మీద పందెం కట్టే వ్యాపారంలో ఉన్న మాకు తొమ్మిది శాతం చాలా పెద్ద సంఖ్య.

వాడికి పనికొచ్చే లెక్క మాత్రం వేరే ఉంది, దాని గురించి టీవీల్లో చర్చలు పెట్టగా నేను చూడలేదు. పదకొండు, పన్నెండేళ్ల పిల్లల ఆటలో ఆల్బర్టా రాష్ట్రం ఒంటితో ఢీకొట్టడాన్ని అనుమతించేది, క్యుబెక్ అనుమతించేది కాదు. వయసు ఒకటే, ఆట ఒకటే, రూలు ఒక్కటే తేడా. కాల్గరీ యూనివర్సిటీలో కరొలిన్ ఎమరీ బృందం రెండుచోట్లా పిల్లల జట్లను సీజన్ పొడవునా గమనించి 2010లో ఫలితం చెప్పింది. ఆల్బర్టా పిల్లలకు తల అదిరే దెబ్బల ముప్పు మూడు రెట్లకు పైనే. మెదళ్లు ఎవరిస్తారా అని ఎదురుచూడలేదు, దెబ్బ తగిలినవాళ్లనే కాదు, తగలనివాళ్లనూ లెక్కపెట్టారు. 2013లో హాకీ కెనడా ఆ వయసువాళ్లకు ఢీకొట్టడం దేశమంతటా నిషేధించింది. తర్వాత ఆల్బర్టాలో మళ్లీ లెక్క తీస్తే దెబ్బలు బాగా తగ్గాయి.

“అయితే పంపమంటావా?” అన్నాడు. పిల్లాడికి ఏడేళ్లు. ఢీకొట్టే వయసుకు ఇంకా చాలా ఏళ్లున్నాయి, అప్పటికీ ఆడితే ఢీకొట్టడం లేని లీగ్ ఏదో అడిగి చేర్చమన్నాను. స్కేట్లు సెకండ్ హ్యాండ్‌వి తీసుకోమని కూడా చెప్పాను, ఈ వయసులో పాదాలు ఏటా పెరుగుతాయి.