చెయ్యి పట్టి చూసే విద్య

గుండె మార్పిడి చేసిన సర్జన్ పేరు పేపర్లో పడుతుంది. చిన్న పట్టణంలో పొద్దుటి నుంచి రాత్రి దాకా జ్వరాలు, దగ్గులు, నడుము నొప్పులు చూసే డాక్టరు పేరు ఆ వీధి దాటదు. ఆ గదిలో ఒక్కో మనిషికి దక్కేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల్లో డాక్టరు కళ్లు, చేతులు, చెవులు చేసే పనికి ఒక వరస ఉంది, ప్రతి కదలికకూ ఒక కారణం ఉంది. తరతరాల వైద్యులు కూడబెట్టిన విద్య అది. హుజూర్‌నగర్‌లో ఓపీ చీటీ పట్టుకుని కూర్చున్న ఎవరికైనా అది కళ్లెదుటే జరుగుతుంది. ఏం చూడాలో తెలిస్తే అందులోని నేర్పు అర్థమవుతుంది.

హుజూర్‌నగర్ 2016 అక్టోబరు దాకా నల్లగొండ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండే నేల. రైసు మిల్లులు ఉన్నాయి. మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. దవాఖాన బెంచీ మీద కూర్చున్నవాళ్లను చూస్తే ఈ నేల బతుకంతా కనిపిస్తుంది. నాట్లేసి పట్టేసిన నడుము, దుమ్ము పీల్చిన రొమ్ము, పురుగుమందు కొట్టిన చేతులు, రోజంతా నీళ్లలో నాని పుండుపడ్డ కాలి వేళ్ల సందులు.

పరీక్ష కుర్చీలో కూర్చున్నాక మొదలవుతుందని మనం అనుకుంటాం. నిజానికి తలుపు దగ్గరే మొదలవుతుంది. మనిషి గోడ పట్టుకుని వస్తున్నాడా, ఒక కాలు ఈడుస్తున్నాడా, కూర్చునేటప్పుడు కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాడా అన్నవి డాక్టరు కన్ను అప్పటికే పట్టేస్తుంది. దమ్ముతో వచ్చినవాడు ఎన్ని మాటలకు ఒకసారి ఆగుతున్నాడన్నది కూడా ఒక కొలతే. వాక్యం మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పగలిగితే కొంత నిదానించవచ్చు. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి పీలుస్తుంటే మిగతా చీటీలన్నీ పక్కన పెట్టి ముందు అతన్ని చూడాలి.

తర్వాత ప్రశ్నలు.

"ఎన్నొద్దుల సంది జరం అవ్వా?"

"నాలుగొద్దులు సారూ."

"పొద్దంత ఉంటుందా, మాపటికి వస్తుందా?"

"మాపటికే. వణుకుడుతోని వస్తది."

"వణుకు తగ్గినంక చెమటలు పడుతున్నయా?"

పక్కన కూర్చున్నవాళ్లకు ఇది మామూలు పలకరింపులా వినిపిస్తుంది. ఇందులో ప్రతి ప్రశ్నా కొన్ని జబ్బులను దూరం చేసి కొన్నిటిని దగ్గరికి తెస్తోంది. వణుకు, కాక, చెమట, ఈ మూడూ వరసగా వస్తే మలేరియా గుర్తుకు రావాలి, రక్తపు చుక్క గాజు పలక మీదికి వెళ్లాలి. ఆ మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. జ్వరం దినదినం మెట్టుమెట్టుగా పెరుగుతోందా, ఒక్కసారిగా ఎగిసి కంటి వెనక నొప్పి తెచ్చిందా అన్నది టైఫాయిడునూ డెంగీనీ విడదీసే దారి.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. "ఏం పని చేస్తరు?" ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో పనివాళ్ల జబ్బుల మీద పుస్తకం రాసి, రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో దీన్నీ చేర్చమని వైద్యులకు చెప్పాడు. నెలల తరబడి దగ్గుతున్న మనిషి మిల్లులో బస్తాలు మోస్తాడా, సిమెంటు దగ్గర పనిచేస్తాడా, బీడీ తాగుతాడా అన్నది తెలియకుండా ఆ దగ్గుకు మందు రాయడం చీకట్లో రాయి వెయ్యడమే. దగ్గు రెండు వారాలు దాటిందంటే మాత్రం పని ఏదైనా సరే, తెమడ పరీక్షకు పంపి క్షయ ఉందో లేదో తేల్చాల్సిందే.

అప్పుడు చెయ్యి. మూడు వేళ్లు మణికట్టు మీద ఆనించి డాక్టరు గడియారం చూస్తారు. లెక్క ఒక్కటే కాదు, నాడి నడక కూడా చూస్తారు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమంగా లేకపోతే గుండె లయ తప్పిందేమోనని అనుమానించాలి. జ్వరం ఒక డిగ్రీ ఫారన్‌హీట్ పెరిగితే నాడి నిమిషానికి సుమారు పది దెబ్బలు పెరగడం రివాజు. జ్వరం మండిపోతున్నా నాడి నింపాదిగా ఉందంటే టైఫాయిడు కావచ్చు. మూడు వేళ్ల కింద దొరికే ఈ సంగతికి రోగికి అయ్యే ఖర్చు ఏమీ లేదు.

కింది కంటిరెప్ప కాస్త కిందికి లాగి చూడటం అందరం ఎరిగిందే. ఎర్రగా ఉండాల్సిన లోపొర పాలిపోయి ఉంటే రక్తం తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. నడుము నొప్పని వచ్చిన ఆడమనిషికి కూడా రెప్ప లాగి చూసే డాక్టరు ఈ నిజం తెలిసి పనిచేస్తున్నారన్నమాట. కామెర్లు చూడటానికి మనిషిని కిటికీ దగ్గరికి పిలుస్తారు. కారణం చిన్నదే. పసుపు బల్బు వెలుగులో కంటి తెల్లగుడ్డు మీది లేత పసుపు కలిసిపోతుంది, పగటి వెలుగులోనే తేలుతుంది.

కడుపు చూసే తీరులో నేర్పు మరీ స్పష్టంగా కనిపిస్తుంది. మోకాళ్లు మడిచి పడుకోమంటారు, అప్పుడు కడుపు కండలు వదులవుతాయి. నొప్పి ఎక్కడో ముందే అడిగి, దానికి దూరంగా ఉన్న చోట చెయ్యి మొదలుపెట్టి మెల్లగా నొప్పి వైపు వస్తారు. ముందే నొప్పి మీద నొక్కితే కడుపంతా బిగుసుకుని ఇక ఏమీ తెలియదు. నొక్కుతున్నంతసేపూ చూపు కడుపు మీద కన్నా రోగి ముఖం మీదే ఎక్కువ ఉంటుంది. నోరు "ఏం లేదు సారూ" అన్నా కనుబొమ్మలు నిజం చెబుతాయి. బొడ్డుకు కుడివైపు కింద నొక్కి చటుక్కున చెయ్యి తీసినప్పుడు ప్రాణం పోయినంత పనైతే అపెండిక్స్ వాచిందేమోనని వెంటనే సర్జన్ దగ్గరికి పంపుతారు.

వీపు మీద ఎడమ చేతి వేలు ఆనించి, కుడి చేతి వేలితో దాని మీద టకటకా కొట్టడం చూసే ఉంటారు. గాలి నిండిన ఊపిరితిత్తి బోలుగా మోగుతుంది, నీరు చేరిన చోట మొద్దుగా పలుకుతుంది. ఇలా రొమ్ము మీద కొట్టి చప్పుడు వినే పద్ధతిని 1761లో లోకానికి చెప్పినవాడు ఆస్ట్రియా వైద్యుడు లియోపోల్డ్ అవెన్‌బ్రుగర్. అతని తండ్రిది పూటకూళ్ల సత్రం. అక్కడ పీపాల మీద కొట్టి, ద్రాక్షసారా ఎక్కడి దాకా ఉందో చూసేవాళ్లు. స్టెతస్కోపు ఆ తర్వాత వచ్చింది. 1816లో పారిస్‌లో రెనే లేనెక్ కాగితం గొట్టంలా చుట్టి ఒక అమ్మాయి రొమ్ము మీద పెట్టి గుండె చప్పుడు విన్నాడు. నేటి డాక్టరు దాని బిళ్లను అరచేతిలో కాసేపు పట్టుకుని వెచ్చబరిచాకే పసివాడి ఒంటి మీద పెడతారు. చల్లటి ఇనుము తగిలి పిల్లవాడు ఏడుపందుకుంటే వినాల్సిన శబ్దం వినిపించదు.

బీపీ చూడటం చేతిపనిగా అన్నిటికన్నా సున్నితమైనది. సరిగ్గా చేసే చోట ఇలా జరుగుతుంది. ఐదు నిమిషాలు ఊరకే కూర్చోబెడతారు. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చొక్కా చెయ్యి పైకి తీస్తారు, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చేతిని బల్ల మీద ఆనిస్తారు. "జరసేపు మాట్లాడకు పెద్దమ్మా" అంటారు, మాట్లాడితే అంకె పెరుగుతుంది కాబట్టి. గాలి కొడుతూ మణికట్టు దగ్గర నాడి ఎప్పుడు ఆగిందో వేలితో చూసుకుని, ఇంకో 30 పాయింట్లు ఎక్కించి, మెల్లగా వదులుతారు. మొదటి చప్పుడు పై అంకె, చప్పుడు మాయమైన చోటు కింది అంకె. పట్టీని 1896లో ఇటలీలో రీవా-రోచీ తెచ్చాడు. చెవితో వినే పద్ధతిని 1905లో రష్యా సర్జన్ కొరొత్కోవ్ చెప్పాడు. జీవితాంతం గోలీలు వేసుకోవాలో వద్దో ఈ రెండు అంకెలే తేలుస్తాయి. అందుకే తొందరపడకుండా రెండుసార్లు చూసే చెయ్యి గొప్ప చెయ్యి. డెంగీ అనుమానం ఉంటే ఇదే పట్టీతో ఇంకో పని చేస్తారు. రెండు అంకెల నడుమ గాలి నిలిపి ఐదు నిమిషాలు ఉంచి, చర్మం మీద చదరపు అంగుళంలో పది ఎర్ర చుక్కలు లేచాయా అని చూస్తారు.

పసిపిల్లల దగ్గర పనితనం మరో తీరు. తల్లి ఒళ్లోంచి తీయకుండానే చొక్కా పైకెత్తి, పొట్ట లేచి పడటం చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెడతారు. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల బిడ్డకు 40 చేరితే అది ఉత్త జలుబు కాదు, న్యుమోనియా కావచ్చు. విరేచనాలతో వచ్చిన బిడ్డకు పొట్ట చర్మం చిటికెతో పట్టి వదులుతారు. వెంటనే సర్దుకుంటే ఫరవాలేదు. రెండు సెకన్లు దాటినా మడత నిలిచి ఉంటే ఒంట్లో నీళ్లు బాగా తగ్గాయి. చాలామంది బిడ్డలకు ఒక లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ పొట్లం, 14 రోజుల జింకు చాలు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా విరుచుకుపడినప్పుడు సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లతోనే వేలమందిని బతికించారు. ఆ విద్యే నేడు పొట్లంలో మన చేతికి వస్తోంది.

వరి చేల ఊళ్లకు పాముకాటు తెలియనిది కాదు. పింజర విషం ఒంట్లోకి ఎక్కిందా అన్నది చూడటానికి మిషను అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారితే పింజర విషం రక్తంలోకి ఎక్కినట్టే. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు, గాజే కావాలి. కట్లపాము కరిస్తే వాపు కూడా ఉండకపోవచ్చు, రక్తమూ గడ్డకడుతుంది. కానీ పైకి చూడమంటే రెప్పలు లేవవు. ఆ రెప్పల వాలు గుర్తుపట్టినవాళ్లు ఊపిరి ఆగకముందే మేలుకుంటారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ మన దేశంలో విరుగుడు సూది ఒకటే. దాన్ని వేళకు ఎక్కించడమే ప్రాణం.

నల్లగొండ డాక్టర్లకు తాగునీటిలోని ఫ్లోరైడు నేర్పిన పరీక్షలు కూడా చెప్పాలి. వంగి కాలి వేళ్లు ముట్టుకొమ్మంటారు, గదమ రొమ్ముకు ఆనించమంటారు, చేతులు తల వెనక పెట్టుకొమ్మంటారు. ఎముకలు బిగుసుకుపోయినవాళ్లు వీటిని చెయ్యలేరు. ఎక్స్‌రే కన్నా ముందే ఈ మూడు కదలికలు జబ్బును పట్టిస్తాయి. పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి మన పాత జిల్లా పేరే పెట్టారు, 'నల్లగొండ పద్ధతి' అని.

ఇవన్నీ అయ్యాక మిగిలే పని కష్టమైనది. "సూది ఎయ్యరా సారూ? ఒక గ్లూకోజు ఎక్కియ్యిన్రి, నీరసం పోతది." అరలీటరు 5 శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెరే. నోటితో తాగగలిగిన మనిషికి ఇంట్లో గంజి, మజ్జిగ అంతకన్నా మేలు. ఈ సంగతి చెబితే "ఈ డాక్టరుకు ఏం తెల్వదు" అని మరో క్లినిక్‌కు పోయేవాళ్లు ఉంటారు. అయినా కోపం చెయ్యకుండా, చిన్నబుచ్చకుండా, రోగి ఒప్పుకునేలా వద్దని చెప్పడం నేర్పుల్లోకెల్లా పెద్ద నేర్పు. తన చేతిలో లేని జబ్బును గంటలోపే గుర్తించి సూర్యాపేటకో హైదరాబాదుకో పంపడం కూడా అంతే.

మెడికల్ షాపులో కత్తెర పట్టుకున్న మనిషినీ మరవకూడదు. మంచి పనివాడు మందు పేరు, గడువు తేదీ ఉన్న కొస మిగిలేలా షీటు కత్తిరిస్తాడు. చీటీ మీది 1-0-1ని పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని విడమరిచి, చదువురాని అవ్వకు కవరు మీద గీతలు గీసి ఇస్తాడు. మందుల అసలు (జెనరిక్) పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లో వైద్య మండలి డాక్టర్లకు నియమం పెట్టింది. ఆ నియమం పాటించిన చీటీ ఈ పనివాడి చేతిలో పడితే పొరపాటుకు చోటే ఉండదు.

రక్త పరీక్షలు, స్కానింగులు అక్కర్లేదని ఎవరూ అనరు. ఎవరికి ఏ పరీక్ష కావాలో తేల్చేది మాత్రం ఈ చెయ్యే. ముట్టి చూడకుండా పది పరీక్షలు రాసే చోట కూలి డబ్బులు పోతాయి, జబ్బు దొరకదు. సూర్యాపేటలో, నల్లగొండలో 2019లో సర్కారు మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. అక్కడ మంచం పక్కన నిలబడి నేర్చుకునే పిల్లలు మిషన్లతో పాటు ఈ విద్యనూ అంతే శ్రద్ధగా నేర్చుకోవాలి.

మన వంతు కూడా ఉంది. పోయేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న గోలీల షీట్లు అన్నీ తీసుకుపోదాం. జ్వరం ఎప్పుడు మొదలైందో, ఇప్పటికే ఏ సూది, ఏ పసరు పడిందో దాచకుండా చెబుదాం. ఆడవాళ్ల బాధను ఆడవాళ్లనే చెప్పనిద్దాం. జబ్బు ఏమిటి, ఈ మందు ఎందుకు, ఎప్పుడు మళ్లీ రావాలి అని మూడు మాటలు అడుగుదాం. చెయ్యి పట్టి, రెప్ప లాగి, వీపు మీద కొట్టి చూసే డాక్టరు మీ ఊళ్లో ఉంటే, సూది వెయ్యలేదని ఆ డాక్టరును వదులుకోకండి.